నదిని ఎరిగినవారు ఒడ్డున, అధికారం ఉన్నవారు గదిలో

2019 సెప్టెంబరు 15 ఆదివారం నాడు గండి పోచమ్మ గుడి రేవు నుంచి పాపికొండల విహారానికి బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరి ఇరుకుగా మలుపు తిరిగే చోట తిరగబడింది. అందులో ఉన్న 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. వారిని నీళ్ళలోంచి పైకి లాగింది ఆ చుట్టుపక్కల గిరిజన పల్లెలవాళ్ళు. ఎవరూ పిలవకుండానే తమ పడవలు వేసుకుని వెళ్ళారు. జాతీయ విపత్తు స్పందన దళమూ నౌకాదళమూ వచ్చేసరికి మిగిలిన పని మృతదేహాల వెతుకులాటే. 200 అడుగులకు పైగా లోతున పడి ఉన్న బోటును అక్టోబరు 22న ఒడ్డుకు లాగింది కూడా ప్రభుత్వ దళం కాదు. ఇనుప తాళ్ళూ లంగర్లూ పట్టుకుని వచ్చిన కాకినాడ ధర్మాడి సత్యం బృందం.

ఆ ప్రమాదం తరువాత బోటు ఫిట్‌నెస్ గురించి, లైఫ్ జాకెట్ల గురించి, యజమానుల లాభాపేక్ష గురించి చాలా చర్చ జరిగింది. అవన్నీ చర్చించవలసినవే. కానీ నదిమీద గస్తీ తిరగడానికి ఎవరుండాలి, ఎందరుండాలి, వారు ఎవరి మాట వినాలి, వారి మాట ఎవరు వినాలి అన్న ప్రశ్న వెనకబడిపోయింది. పర్యాటకుల జలమార్గాల్లో భద్రత అన్నది చివరకు మనుషుల లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పుతున్నదో చూడటానికి గోదావరిలోని ఆ ఒక్క భాగాన్ని, అంటే పోలవరానికి ఎగువన కొండల నడుమ సాగే నదిని, పట్టుకుంటే చాలు.

ముందు చట్టం సంగతి. 1917 నాటి దేశీయ జలనౌకల చట్టం స్థానంలో 2021లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అది 2022 జూన్ నుంచి అమలులోకి వచ్చింది. ఇంజనుతో నడిచే ప్రతి బోటుకూ రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా ఉండాలనీ, నడిపేవారికి అర్హత పత్రాలుండాలనీ అది చెబుతుంది. బోటులో ఎందరు సిబ్బంది ఉండాలన్న నిబంధనలు కూడా దానికింద వచ్చాయి. మన రేవుల్లో వినిపించే ‘సరంగు’ (బోటు నడిపేవాడు) అన్న మాట 1917 చట్టంలోనే ఒక అర్హతగా నమోదై ఉందంటే, బోటు లోపలి మనుషుల గురించి మన చట్టాలు వందేళ్ళుగా ఆలోచిస్తున్నాయన్నమాట. బోటు బయట, నదిమీద, రేవులో, దానిని కనిపెట్టుకుని ఉండవలసినవారి సంఖ్య మాత్రం చట్టం తేల్చే విషయం కాదు. రాష్ట్రాల ఇష్టానికీ బడ్జెట్టుకూ వదిలేసిన విషయం. అందుకే ఒక సరంగు లేకుండా బోటు కదిలితే అది నేరమవుతుంది కానీ, ఒక్క గస్తీ మనిషి లేకుండా పది బోట్లు కదిలితే అది ఎవరి నేరమూ కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఖాళీని పూరించే ప్రయత్నం కచ్చులూరు తరువాతే మొదలైంది. దానికి ముందు 2017 నవంబరు 12న, కార్తీక మాసం ఆదివారం సాయంత్రం, విజయవాడ దగ్గర కృష్ణా పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని ఒక బోటు బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఈదురుగాలికి లాంచి మునిగింది. అందులో ఉన్నది విహారయాత్రికులు కాదు, రోజూ ఆ దారిన వచ్చిపోయే ఊళ్ళవాళ్ళు. రెండేళ్ళలోపే మూడు ప్రమాదాలు జరిగాక, బోట్ల రాకపోకల పర్యవేక్షణకు తొమ్మిది కంట్రోల్ రూములు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. సింగన్నపల్లి, గండి పోచమ్మ, పేరంటపల్లి, పోచవరం, రాజమహేంద్రవరం, విజయవాడ బెరం పార్కు, నాగార్జున సాగర్, శ్రీశైలం, రుషికొండ ఆ తొమ్మిది చోట్లు. మొదటి నాలుగూ పాపికొండల దారిలోవే కావడం గమనించవలసిన సంగతి. ఒక్కో గదిలో 13 మంది సిబ్బంది, వారిలో కనీసం ముగ్గురు పోలీసులు ఉండాలని 2019 నవంబరులో అనుకున్నారు. 2020 జూన్‌లో ఆ గదులు ప్రారంభమయ్యాయి.

పదమూడు అన్న సంఖ్య వినడానికి పెద్దదిగానే ఉంటుంది. కాగితం మీద కాస్త లెక్క వేసి చూద్దాం. గస్తీ బోటు ఒక్కటి తిరగాలంటే కనీసం ముగ్గురు కావాలి: నడిపే సరంగు, నీళ్ళలో దూకగల గజ ఈతగాడు, ఎదుటి బోటును ఆపమని చెప్పే అధికారం ఉన్న మనిషి. బోట్లు తిరిగే పగటి వేళ పన్నెండు గంటలనుకుంటే వారానికి 84 గంటలు. ఒక ఉద్యోగి వారానికి 48 గంటలు పనిచేస్తాడని రాసుకున్నా, సెలవులు, శిక్షణ, అనారోగ్యం, కోర్టు వాయిదాలు తీసివేస్తే చేతికి దొరికేది 40 గంటలకు మించదు. అంటే ఒక్క స్థానం ఏడు రోజులూ నిండి ఉండాలంటే ఇద్దరికి పైన ఒక కాస్త, బోటుకు ఏడుగురు. ఇక గదిలో వైర్‌లెస్ దగ్గర ఒకరు, రేవులో తలలు లెక్కపెట్టడానికి ఒకరు, ఈ రెండు స్థానాలూ పగలు మాత్రమే నిండాలన్నా మరో అయిదుగురు. మొత్తం పన్నెండు. కాబట్టి పదమూడు అన్నది అన్యాయమైన సంఖ్య కాదు. పగటిపూట ఒకే ఒక్క గస్తీ బోటుకు సరిగ్గా సరిపోయే సంఖ్య. గదిని రాత్రి కూడా తెరిచి ఉంచాలంటే చాలదు. రెండో బోటు తిప్పాలంటే చాలదు. ఆ పదమూడుగురిలో ఇద్దరు మరో పనిమీద వెళ్ళినా చాలదు.

అసలు చిక్కు ఆ చివరి మాటలో ఉంది. ఈ గదులకు విడిగా ఒక కేడర్ అంటూ పుట్టలేదు. రెవెన్యూ నుంచి ఒకరు, జలవనరుల శాఖ నుంచి ఒకరు, పర్యాటకం నుంచి ఒకరు, పోలీసు స్టేషన్ నుంచి ముగ్గురు అన్న పద్ధతిలో పోగుచేయవలసిన సిబ్బంది ఇది. పైన పర్యవేక్షణ తహసీల్దారుది. తహసీల్దారు బల్లమీద భూముల తగాదాలు, ధ్రువపత్రాలు, ఎన్నికల జాబితాలు ఉంటాయి. వరద వస్తే పునరావాస కేంద్రాలూ ఆయనవే. పోలీసుల సంగతీ అంతే: జాతర ఉంటే జాతరకు, వీఐపీ వస్తే బందోబస్తుకు. నదికి నీరు ఎక్కువయ్యే కొద్దీ నదిని చూడవలసిన మనుషులను నదినుంచి లాగి ఊళ్ళలోకి పంపే ఏర్పాటు ఇది. ఎవరిలోనూ దురుద్దేశం లేదు. మాతృశాఖ పిలిస్తే ఉద్యోగి వెళ్ళక తప్పదు, ఎందుకంటే అతని జీతమూ పదోన్నతీ అక్కడే ఉంటాయి.

రెండో చిక్కు రుతువులది. గోదావరిలో జూలై నుంచి వరద తగ్గేదాకా విహార బోట్లు ఆపేస్తారు. తరువాత కార్తీకంతో జనం మొదలై, క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో పెరిగి, ఎండలు ముదిరేదాకా సాగుతుంది. ఆ నెలల్లో కూడా మంగళవారం రేవుకూ ఆదివారం రేవుకూ పోలిక ఉండదు. ఏడాది పొడవునా ఒకే సంఖ్యలో మనుషులను కూర్చోబెడితే వరదకాలంలో వారికి పని ఉండదు, కార్తీక ఆదివారం నాడు వారు చాలరు. పర్మనెంటు ఉద్యోగాల లెక్కతో ఈ ఒడుదొడుకును అందుకోవడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. పని లేని నెలల జీతాలు చూసి ఆర్థిక శాఖ పోస్టులు తగ్గిస్తుంది, తగ్గించిన పోస్టులతో కార్తీకం వస్తుంది.

ఇటువంటి ఒడుదొడుకే ఉన్న ఇతర దేశాలు దీనిని ఎలా సర్దుకున్నాయో చూడటం దండగ కాదు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ చలికాలంలో సరస్సులు గడ్డకట్టే రాష్ట్రం. అక్కడి మెరైన్ పెట్రోల్ కొద్దిమంది పూర్తికాల అధికారులను అట్టిపెట్టుకుని, వేసవి నెలలకు మాత్రం శిక్షణ ఇచ్చి సీజనల్ అధికారులను తీసుకుంటుంది. బోట్ల పెట్రోలుమీద వసూలైన పన్నులో కొంత భాగాన్ని అమెరికా కేంద్ర ప్రభుత్వం ఒక నిధిలో వేసి, బోటు భద్రతకోసం రాష్ట్రాలకు పంచుతుంది. నీటిమీద తిరిగేవాడి ఖర్చులోంచే నీటిమీద కాపలా ఖర్చు వస్తుందన్నమాట. బ్రిటన్‌లో 1824లో పుట్టిన లైఫ్‌బోట్ సంస్థ, ఆర్‌ఎన్‌ఎల్‌ఐ, మరో దారి పట్టింది. దాని బోట్లెక్కేవారిలో అత్యధికులు ఆ తీరపు ఊళ్ళలో వేరే పనులు చేసుకుంటూ, పిలుపు రాగానే పరుగెత్తే స్వచ్ఛంద సేవకులు. కానీ బోటూ, శిక్షణా, సామగ్రీ సంస్థవే. పల్లెవాళ్ళ ధైర్యాన్ని అక్కడ గాలికి వదలలేదు, దానికి ఒక చట్రం కట్టారు.

మన దగ్గర సీజనల్ పద్ధతి లేదనుకుంటే పొరపాటు. పుష్కరాలకూ, వినాయక నిమజ్జనానికీ అధికారులు చేసే మొదటి పనుల్లో మత్స్యకారుల పేటలనుంచి గజ ఈతగాళ్ళను పిలిపించడం ఒకటి. రోజు కూలి మాట్లాడుకుని, టీషర్టు ఒకటి ఇచ్చి, ఘాట్ల దగ్గర నిలబెడతారు. పండుగ అయ్యాక ఆ జాబితా ఏ ఫైలులో పడుతుందో, మరుసటి ఏడాది మళ్ళీ కొత్తగా పేర్లు రాసుకుంటారు. ఎవరికి ఏ శిక్షణ ఉందో, నీళ్ళు మింగినవాడికి ఊపిరి అందించడం ఎవరికి వచ్చో రికార్డు ఉండదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ‘ఆపద మిత్ర’ పథకం ఈ లోటును కొంత పూడ్చగలదు. వరద ముప్పున్న జిల్లాల్లో స్థానికులను వలంటీర్లుగా తీసుకుని, శిక్షణ, సామగ్రి, బీమా ఇచ్చే పథకం అది. అయితే దాని చూపు విపత్తుమీద ఉంటుంది. ప్రతి ఆదివారం రేవులో జరిగే చిన్న చిన్న నిర్లక్ష్యాలమీద కాదు. జీతం లేని వలంటీరు ఏడు నెలలపాటు వారం వారం వచ్చి రేవులో నిలబడాలని కోరడం కూడా సబబు కాదు. గోవా 2008లో తన బీచ్‌లను ఒక ప్రైవేటు సంస్థ లైఫ్‌గార్డులకు కాంట్రాక్టుకిచ్చింది. ఆ పద్ధతిలో కనీసం మనిషికి జీతమూ, స్థానమూ, పనివేళలూ ఖాయంగా ఉంటాయి.

ఇంతవరకూ సంఖ్య గురించే చెప్పుకున్నాం. నా ఉద్దేశంలో సంఖ్యకన్నా ముఖ్యమైనది అధికారం. గస్తీ మనిషి చేయవలసిన పనుల్లో ఈదడం, బోటు నడపడం తేలికైనవి. కష్టమైనది ‘ఈ రోజు బోటు కదలదు’ అని చెప్పడం. టికెట్లన్నీ అమ్ముడై, జనం రేవులో కూర్చుని, వంటలు వండుకుని, బోటు యజమాని తనకు తెలిసిన పెద్దలకు ఫోను చేస్తుండగా ఆ మాట చెప్పాలి. ఒక హోంగార్డు ఆ మాట చెప్పలేడు. చెప్పినా దానికి విలువ ఉండదు. పైగా చాలాచోట్ల ఈ ఏర్పాటు తలకిందులుగా ఉంటుంది: ఎవరూ ఆపకపోతే బోటు కదులుతుంది. దానికి బదులు, ఫలానా స్థానంలోని మనిషి ఆ ఉదయం నీటిమట్టం, గాలి, తలల లెక్క చూసి సంతకం చేస్తేనే బోటు కదలాలన్న నియమం ఉంటే, ఆ మనిషి ఎవరినీ ఎదిరించనక్కరలేదు; సంతకం చేయకుండా ఊరుకుంటే చాలు. చిన్న ఉద్యోగికి ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది.

సంతకానికి ఒక కొలత కూడా కావాలి. గోదావరి వరదకు మన దగ్గర అందరికీ తెలిసిన కొలతలున్నాయి. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులకు, మొదటి హెచ్చరిక. కచ్చులూరు ప్రమాదం జరిగిన రోజు నదిలో ఉన్న ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. మొదటి హెచ్చరికకు సగం! ఈ కొలతలు గట్లకోసం, లంక గ్రామాలకోసం, పంట పొలాలకోసం చేసినవి. కొండల మధ్య ఇరుకైన మలుపులో ఒక బోటు ఏ ప్రవాహానికి అదుపు తప్పుతుందో చెప్పడానికి అవి పుట్టలేదు. టీవీలో ‘హెచ్చరిక లేదు’ అని వినపడితే రేవులో ‘ప్రమాదం లేదు’ అని అర్థం చేసుకుంటారు. బోట్లకు వేరే గీత కావాలి, అది రేవులోనే ఒక స్తంభంమీద రంగుతో కనిపించాలి. అప్పుడు అధికారం ఉన్నవాడికి నది తెలియకపోయినా కొంత గడుస్తుంది.

కొంతే గడుస్తుంది. మిగతాది మనుషులకే తెలుసు. ఏ మలుపులో సుడి ఎటు లాగుతుందో, ఇసుక తిన్నె ఈ ఏడాది ఎక్కడ మేట వేసిందో, కొండమీద మబ్బు కమ్మితే ఎంతసేపట్లో గాలి దిగుతుందో ఆ తీరం మనుషులకు తెలిసినట్టు డిప్యుటేషన్ మీద వచ్చిన గుమాస్తాకు తెలియదు. ఆ దారిలో చాలా దూరం సెల్‌ఫోను సిగ్నల్ కూడా ఉండదు కాబట్టి, తెలియనివాడు అడిగి తెలుసుకునే వీలు సైతం తక్కువ. గదికీ బోటుకూ మధ్య వైర్‌లెస్ ఒక్కటే దిక్కు. సింగన్నపల్లి ఒక జిల్లాలో, గండి పోచమ్మ మరో జిల్లాలో ఉన్నందున, రెండు ఒడ్ల గదులూ ఒకే తరంగంమీద మాట్లాడుకునే ఏర్పాటు కూడా చెప్పి చేయించుకోవలసిందే. నదికి జిల్లా సరిహద్దు తెలియదు గానీ, డ్యూటీ చార్టుకు తెలుసు.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్ళి చెప్పాలి. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ కోసం లేక్ పోలీసు స్టేషన్ ఉంది. వారి పనిలో ఎక్కువ భాగం బోట్లది కాదు, ట్యాంక్‌బండ్ మీదనుంచి దూకబోయేవారిని ఆపడం, దూకినవారిని తీయడం. ఆ స్టేషన్ గుణం ఏమిటంటే, దాని హద్దు ఒక చెరువు, దాని మనుషులకు అదే చెరువు రోజూ చూసేది. ఒక నీటికి కట్టుబడిన సిబ్బంది ఎలా ఉంటారో దాన్ని చూసి ఊహించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ సముద్రతీరంలోనూ ఇటువంటి ఆలోచన ఉంది: 2008 ముంబయి దాడుల తరువాత విస్తరించిన తీరభద్రత పథకం కింద అక్కడ 21 మెరైన్ పోలీసు స్టేషన్లు వచ్చాయి. కానీ అవి చొరబాటుదారులకోసం చూసే కళ్ళు, విహారయాత్రికులకోసం కాదు. నదికీ, రిజర్వాయరుకూ ఆ పాటి స్టేషన్ కూడా లేదు.

చిన్న చెరువుల సంగతి ఇంకా దయనీయం. 2024 జనవరి 18న వడోదరలో హర్ణి చెరువులో బోటు తిరగబడి 12 మంది పిల్లలూ ఇద్దరు టీచర్లూ చనిపోయారు. అది ఊరి మధ్య చెరువు, నిర్వహణ కాంట్రాక్టరుది. 2023 మే 7న కేరళలోని తానూరులో చీకటి పడ్డాక, చేపల పడవను మార్చి కట్టిన విహార బోటు మునిగి 22 మంది పోయారు. రెండు చోట్లా ఎక్కించవలసినదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారు, అంటే రేవులో నిలబడి తలలు లెక్కపెట్టే ఒక్క మనిషి ఉన్నా కనిపించే తప్పు. పెద్ద నదులకు కంట్రోల్ రూములు పెట్టి ఊరి చెరువులను కాంట్రాక్టర్ల చేతిలో పెడితే, తరువాతి వార్త అక్కడినుంచే వస్తుంది. అసలు దేశంలో నీట మునిగి ఏటా 35 వేలమందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతుంటే, వారిలో బోట్లు బోల్తాపడి పోయేవారు చాలా కొద్దిమంది. మిగతావారిలో ఈతకు, స్నానానికి దిగిన చోట్ల, ఏ కాపలా లేని రేవుల్లో పోయేవారూ ఉన్నారు. గస్తీ మనుషులను ఎక్కడ నిలబెట్టాలని లెక్క వేసేటప్పుడు బోటింగ్ రేవు పక్కనే ఉన్న స్నానఘట్టాన్ని వదిలేయడం అందుకే పొరపాటు. అదే సిబ్బంది, అదే తాడు, అదే బోటు రెండింటికీ సరిపోతాయి.

మళ్ళీ కచ్చులూరుకు వస్తే, అక్కడి లెక్కలో ఎప్పుడూ రాయని సిబ్బంది కొందరున్నారు: ఒడ్డున నివసించే కొండరెడ్లు, కోయలు, చేపలు పట్టుకునే కుటుంబాలు. జీతం లేదు, డ్యూటీ చార్టు లేదు, అయినా నదిమీద ఎప్పుడూ ఎవరో ఒకరి కన్ను ఉండేది. 26 మంది బతికింది ఆ కన్నువల్లే. దేవీపట్నం మండలంలో నదిని ఆనుకుని ఉన్న పల్లెల్లో చాలావరకు పోలవరం ముంపులోవి. ప్రాజెక్టు కాఫర్ డ్యామ్ (తాత్కాలిక అడ్డుకట్ట) కట్టాక ఎగువన నీరు నిలిచి ఇళ్ళు మునుగుతుండగా జనం పునరావాస కాలనీలకు తరలిపోతున్నారు. నీరు నిలవడంతో నది నడత కూడా మారింది. పాత సరంగులు సైతం కొత్తగా నేర్చుకోవలసి వస్తున్నది. 2021లో విహార బోట్లు మళ్ళీ మొదలయ్యాక పాపికొండలకు జనం వస్తూనే ఉన్నారు, ఒడ్డున మాత్రం పొయ్యిల పొగ తగ్గుతూ వస్తున్నది. ఆ కాలనీల్లో ఇప్పుడు పడవ నడపడం వచ్చి, పడవ లేక, పనికోసం చూసే కుర్రవాళ్ళున్నారు. వారిలో ఒక్కో రేవుకు నలుగురిని నవంబరు నుంచి మే దాకా నెల జీతానికి తీసుకుని, గస్తీ బోటు తాళం వారి చేతికిచ్చి, సంతకం చేసే అధికారి పక్కన నిలబెట్టడానికి అయ్యే ఖర్చును టికెట్టుమీద కొన్ని రూపాయల భద్రతా రుసుముతో రాబట్టుకోవచ్చు. పదమూడుగురి జాబితాలో డిప్యుటేషన్ పేర్లు తగ్గించి ఈ పేర్లు రాయడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.